తూర్పు గోడలో మూడడుగుల తలుపు

ఆ ఉదయం సీతారామరావు టేపు రెండో కొస పట్టుకునే మనిషి లేకుండానే కాలేజీ గ్రౌండుకు వెళ్లాడు. కాలేజీ నిర్మాణాల ఆఫీసులో అతను డ్రాఫ్ట్స్‌మన్. ఇంజనీరు గీసిచ్చిన చిత్తు నక్షాను కొలతలతో సరిచూసి, ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో దించడం అతని పని. సాయానికి రావలసిన ప్యూను వరహాలు జ్వరమని కబురు పంపాడు. 1981 నవంబరు. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. వంద అడుగుల గుడ్డ టేపుకు ఒక కొసన రాయి కట్టి, రెండో కొస పట్టుకుని నడుస్తుంటే రాయి కూడా వెనకాలే వచ్చేస్తోంది.

"ఏటి బాబూ, కొలత్తన్నారు?" అని వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

యాభై దాటిన మనిషి. ముతక చీర, చంకలో ఖాళీ డబ్బా. గ్రౌండుకు తూర్పున ఉన్న బస్తీ నుంచి వస్తోంది. జంషెడ్‌పూర్‌లో ఇళ్లు, కొలుములు, రోడ్లు కట్టడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఆ బస్తీలో మూడు వందల దాకా ఉంటాయి. ఆమె పేరు సింహాచలమ్మ అని తర్వాత తెలిసింది. మెయిన్ రోడ్డు అవతలి క్వార్టర్లలో నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది.

"ఒక్కరే లాగితే ఎలాగొత్తాది? ఇలా తెండి, నాను పట్టుకుంతాను," అంటూ డబ్బా కింద పెట్టి టేపు కొస అందుకుంది.

గంటసేపు ఆమె అతనితో తూర్పు హద్దు పొడవునా నడిచింది. అతను ఆగమన్న చోట ఆగి, మేకు మీద టేపు వేలితో అదిమిపట్టి, "ఊఁ, సూడండి," అనేది. చివరి మేకు దగ్గర అతను అంకె రాసుకుంటుంటే అడిగింది.

"ఇక్కడేటి కడతారు బాబూ?"

"కొత్త స్టేడియం వస్తోందమ్మా. ఇది గోడ."

"గోడా? ఎక్కడిదాకా?"

"ఇప్పుడు మనం కొలిచిందంతా."

ఆమె వెనక్కి తిరిగి, తను నడిచి వచ్చిన మేకుల వరసను చూసింది. బస్తీ మనుషులు తెల్లారేసరికి ఆ హద్దు దాటి, గ్రౌండుకు అడ్డంగా నడిచి, కాలేజీ మెయిన్ గేటులోంచి రోడ్డెక్కుతారు. ఊరవతల మాంగో పేటకు వెళ్లే బస్సు అక్కడే ఆగుతుంది. పిల్లల బడి కూడా ఆ రోడ్డుకు అవతలే.

"మరి మాం ఎటెల్తాం?" అంది.

సీతారామరావు తూర్పు వైపు చూశాడు. బస్తీకి ఒక పక్క ఈ గ్రౌండు, మిగతా మూడు పక్కలా టాటానగర్ రైల్వే యార్డు. గ్రౌండు మూసుకుపోతే పట్టాలు దాటడం తప్ప దగ్గర దారి లేదు.

"బాగుంది. నా సేత్తో నానే కొలిసిచ్చాను గదేటి, నా దారి మూసీడానికి," అంది సింహాచలమ్మ. కోపంగా కూడా అనలేదు. డబ్బా తీసుకుని, ఆలస్యమైందని గబగబా వెళ్లిపోయింది.

పాత గ్రౌండు చాలా పెద్దది. ఎప్పుడో టోర్నమెంట్లకు ఊరు ఊరంతా కదిలివచ్చే రోజుల్లో చుట్టూ మట్టి గట్లు పోసి పన్నెండు వేలమంది కూర్చునేలా చేశారు. ఇప్పుడు ఎంత పెద్ద ఆటకైనా ఎనిమిది వందలమంది రారు. వాన పడితే గోల్‌పోస్టు దగ్గర మోకాలి లోతు నీళ్లు. దాన్ని తీసేసి మూడు వేలమందికి సరిపడా సిమెంటు గ్యాలరీ, ఆటగాళ్లకు స్నానాల గదులు, గడ్డి కింద నీళ్లు పోయే గొట్టాలతో చిన్న స్టేడియం కట్టమని యూనివర్సిటీ మంజూరు చేసింది. మిగిలిన జాగాలో హాస్టలు వస్తుంది. అన్నిటినీ కలిపి చుట్టూ ఒకటే గోడ.

ఇదంతా ఇంజనీరు సిన్హా గారి కల. ఆయన ఆ కాలేజీలోనే చదివి, ఆ బురదలోనే ఫుట్‌బాల్ ఆడినవాడు. "పెద్ద ఇంట్లో నలుగురు కూర్చుంటే చావు ఇల్లులా ఉంటుంది. చిన్న ఇంట్లో నలుగురు కూర్చుంటే పెళ్లి ఇల్లు," అని హిందీలో అందరికీ చెప్పేవాడు. రిటైరవడానికి నాలుగేళ్లుంది. కాలేజీకి తన చేత్తో ఒక మంచి కట్టడం ఇచ్చి వెళ్లాలని ఆయన ఆశ.

సీతారామరావుకు ఆయన గురువు. పంతొమ్మిదేళ్ల వయసులో, తండ్రి పోయాక, పని వెతుక్కుంటూ వస్తే ట్రేసర్‌గా పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టి నక్షా మీద అక్షరాలు రాయడం నేర్పాడు. "అక్షరం నిటారుగా నిలబడాలి. కూలబడిన అక్షరాన్ని మేస్త్రీ నమ్మడు," అనేవాడు. పదిహేడేళ్లుగా ఈ ఆఫీసులో సీతారామరావు గీసిన ప్రతి కాగితం మీదా సిన్హా సంతకం ఉంది.

ఆ మధ్యాహ్నమే వెళ్లి ఆయన్ని అడిగాడు.

"తూర్పు గోడలో చిన్న తలుపు ఒకటి పెడదాం సార్. బస్తీవాళ్లకి దారి."

"తలుపు పెడితే టికెట్టు లేని జనమంతా అందులోంచే వస్తారు. గోడకి మెయిన్ గేటు తప్ప మరో దారి ఉండకూడదని యూనివర్సిటీ కమిటీ తీర్మానం," అన్నాడు సిన్హా చిత్తు కాగితంలోంచి తల ఎత్తకుండా.

"వాళ్లు యార్డు దాటాలి సార్."

"ఓవర్‌బ్రిడ్జి ఉందిగా."

"రెండు మైళ్లు చుట్టు."

"రావ్, మనం కట్టేది స్టేడియం. ఊరికి దారులు వేయడం మునిసిపాలిటీ పని."

నెల తిరక్కుండా సీతారామరావు మరోసారి అడిగాడు. మూడోసారి బస్తీవాళ్ల వేలిముద్రలతో అర్జీ రాయించి, తనే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాడు. సిన్హా అర్జీ చదివాడు. "కమిటీకి పంపుతాను," అన్నాడు. పంపాడు కూడా. కమిటీ నుంచి జవాబు రాలేదు.

సీతారామరావు తండ్రి బలరామ్ ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి యార్డులో వ్యాగన్లు తగిలించి విడదీసే షంటింగ్ పోర్టర్‌గా పనిచేశాడు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఇంజను వస్తే వినబడుతుంది. ఇంజను తోసి వదిలేసిన వ్యాగన్లు మాత్రం వాటంతట అవే పట్టాల మీద దొర్లుతూ వస్తాయి, పక్కకు వచ్చేదాకా చప్పుడుండదు. తండ్రి చిన్నప్పుడు అతని చెవి మెలిపెట్టి ఈ మాట చెప్పాడు. బడి సంచులు తగిలించుకున్న పిల్లలకు ఆ మాట ఎవరు చెబుతారు?

ఫిబ్రవరిలో అసలు నక్షాలు దించే పని వచ్చింది. మొత్తం నలభై రెండు షీట్లు. పదకొండో షీటు తూర్పు గోడది. సీతారామరావు పధ్నాలుగో స్తంభం దాకా గీసి ఆగాడు. సిరా కలం కడిగాడు. మళ్లీ సిరా నింపాడు. పధ్నాలుగో స్తంభానికీ పదిహేనో స్తంభానికీ మధ్య, గ్యాలరీ వెనక సన్నటి జాగా ఎదురుగా, మూడడుగుల వెడల్పున ఖాళీ వదిలాడు. పక్కన 'నిర్వహణ ద్వారం' అని ఇంగ్లీషులో నిటారుగా, చక్కటి అక్షరాలతో రాశాడు. తలుపుల జాబితాలో చివరి వరసలో ఇనప తలుపు ఒకటి చేర్చాడు.

సిన్హా నలభై రెండు షీట్ల మీదా ఒక్క మధ్యాహ్నంలో సంతకాలు పెట్టేశాడు. సీతారామరావు గీసిన కాగితాన్ని ఆయన ఎప్పుడూ రెండోసారి చూసేవాడు కాదు.

మేస్త్రీ తవిటయ్య ఆ గోడ కట్టాడు. అతను కూడా బస్తీ మనిషే. గోడ నడుమెత్తు లేచేసరికి మధ్యలో ఖాళీ కనబడింది. అతను వచ్చి మెల్లగా అడిగాడు.

"బాబూ, ఇది ఉండాలనేనా, మరిసిపోనారా?"

"కాగితంలో ఏముంది?"

"గుమ్మం ఉంది."

"మరి?"

"కాగితంలో ఏటుంటే నా సేతిలో అదే ఉంతాది," అన్నాడు తవిటయ్య. ఇంకేమీ అడగలేదు. పైన దూలం వేసి, ఇనప చట్రం బిగించాడు. పనులు నడిచిన ఏడాదిన్నర కాలమూ బస్తీవాళ్లు అందులోంచే రాకపోకలు సాగించారు. ఇటుకల బళ్ల మధ్య, ఇసక గుట్టల మధ్య వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. సామాను కోసం పని అయ్యేదాకా వదిలిన సందే అనుకున్నాడు సిన్హా.

1983 అక్టోబరులో, ప్రారంభానికి రెండు వారాల ముందు, యూనివర్సిటీ కమిటీ స్టేడియం చూడటానికి వచ్చింది. నలుగురు పెద్దమనుషులు, ముందు సిన్హా. వెనక చుట్టలు చుట్టిన నక్షాలతో సీతారామరావు. గ్యాలరీ చూశారు, స్నానాల గదుల్లో కుళాయిలు తిప్పి చూశారు. గ్యాలరీ వెనక నుంచి తిరిగి వస్తుండగా తూర్పు గోడలో ఇనప తలుపు కిర్రుమంది. తల మీద బెండకాయల తట్టతో ఒకామె లోపలికి వచ్చి, అంతమందిని చూసి బెదిరి, తట్ట సర్దుకుని గోడ వారగా గేటు వైపు నడిచిపోయింది.

"ఈ తలుపేమిటి?" అన్నాడు కమిటీలో ఒకాయన.

సిన్హా తలుపు వైపు చూశాడు. చెయ్యి చాచాడు. సీతారామరావు పదకొండో షీటు తీసి ఇచ్చాడు. సిన్హా దాన్ని విప్పి, గుమ్మం దగ్గర వేలు పెట్టి, అక్షరాలు చదివి, కింద తన సంతకం చూశాడు.

"గడ్డి కోసేవాళ్ల కోసం. కోసిన గడ్డి ముందు గేటులోంచి మోసుకెళితే బాగుండదని," అన్నాడు.

"మంచి ఆలోచన," అన్నాడు కమిటీ ఆయన. అంతా ముందుకు నడిచారు.

కార్లు వెళ్లిపోయాక సిన్హా తన గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు.

"నువ్వే కదా?"

"నేనే సార్."

"నేను కాదన్నాను."

"మూడుసార్లు అడిగాను సార్."

"రెండుసార్లు కాదన్నాను, మూడోసారి కమిటీకి పంపాను. ఆ తర్వాత నాకు ఎదురు తిరిగి ఉంటే భరించేవాణ్ని. అరిచి ఉంటే భరించేవాణ్ని." ఆయన షీటు కింద తన సంతకం మీద వేలు పెట్టాడు. "పంతొమ్మిదేళ్లు నీ కాగితం చూడకుండా సంతకం పెట్టాను. ఎందుకో తెలుసా? నీ గీత నా గీత అనుకున్నాను. ఇవాళ వాళ్ల ముందు నాచేత అబద్ధం కూడా ఆడించావు."

సిన్హా షీటును అతని వైపు తోశాడు.

"రేపు తవిటయ్య చేత ఇటుకలు పెట్టించి మూయించు. షీటు నువ్వే దిద్దు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య జానకితో అంతా చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. మధ్యలో చేట ఆపేసింది.

"తలుపు మంచిదేనండీ. ఆ దారంట నానూ ఎల్లాను, కూరగాయలు సవకని. మరి ఆయన సేత సూడకుండా సంతకం పెట్టించడం మాత్రం బాగోలేదు. మీకు అచ్చరం నేర్పినాయన."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నాకేటి తెలుసు? ఆయన దగ్గిర ఇంక దేనికీ దాపరికం ఒద్దు," అంది జానకి.

మర్నాడు ఉదయం తవిటయ్య తలుపు దగ్గర ఇటుకలు దింపించి, సిమెంటు మాలు కలపకుండా బీడీ వెలిగించి కూర్చున్నాడు. గిన్నెలు తోమడానికి పోతున్న సింహాచలమ్మ ఆ ఇటుకలు చూసి ఆగింది. సంగతి విన్నది. ఇళ్లకు వెళ్లడం మానేసి తిన్నగా ఆఫీసుకు వచ్చింది. ప్యూను వరహాలు ఆపబోయాడు గానీ, ఆమె ఆగలేదు. సిన్హా గది గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లి నిలబడింది.

"సాబ్, హమ్ బోలేగా," నేను చెబుతానంటూ మొదలుపెట్టింది. నాలుగు మాటలయ్యేసరికి ఆమె హిందీ అయిపోయింది.

సిన్హా గట్టిగా పిలిచాడు. "రావ్! ఈమె ఏమంటోందో చెప్పు."

సీతారామరావు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. సింహాచలమ్మ అతని వైపు చూడలేదు. సిన్హానే చూస్తూ తెలుగులో చెప్పింది.

"బాబూ, ఆ గోడకి టేపు పట్టింది నాను. నా దారి పోయిందని ఏడ్సింది నాను. ఈ బాబు మా మొకాలు సూసి గుమ్మం ఎట్టినాడు. మీకది తప్పయితే గుమ్మం మూసీండి. ఇటుకలు నానే అందిత్తాను. ఈ బాబు నౌకరీ మాత్రం తియ్యకండి. పిల్లలున్నోడు."

సీతారామరావు హిందీలోకి మార్చాడు. "కొలతలప్పుడు ఈమే టేపు పట్టిందట సార్. తలుపు తప్పనిపిస్తే మూసెయ్యమంటోంది. ఇటుకలు తనే అందిస్తుందట."

"ఇంకా?"

"అంతే సార్."

సిన్హా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నౌకరీ అంది. ముప్ఫై ఏళ్లుగా తెలుగువాళ్ల మధ్య బతుకుతున్నాను, ఆ మాత్రం వినబడదా? నక్షాలో దాచావు. మాటలో కూడా దాస్తావా?"

"నా ఉద్యోగం తియ్యొద్దని అడుగుతోంది సార్. అది నా నోటితో చెప్పలేకపోయాను," అన్నాడు సీతారామరావు.

కిటికీ బయట ఎవరో కొత్త గ్యాలరీ మెట్లు కడుగుతున్న చప్పుడు.

"తలుపు మూసేస్తే వీళ్లెలా వెళతారు? అడుగు," అన్నాడు సిన్హా చివరికి.

అతను అడిగాడు. సింహాచలమ్మ ఈసారి తనే హిందీలో చెప్పింది. "గాడీ కే నీచే సే, సాబ్. ఆదత్ హో జాయేగా." బండి కిందనుంచి దూరి వెళతాం, అలవాటైపోతుంది, అని. సంతకెళ్లే దారి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పిల్లలు కూడానా?"

"పిల్లలు కూడానూ. నా మనవరాలు పద్మ రెండో కలాసు. సన్నంగా ఉంతాది, బేగి దూరిపోద్ది."

సీతారామరావు దాన్ని హిందీలోకి మార్చాడు. ఈసారి ఒక్క మాట కూడా విడిచిపెట్టలేదు.

సిన్హా అతని వైపు తిరిగాడు. "మీ నాన్న యార్డులోనే చేశాడు కదూ. ఇంజను వదిలేసిన వ్యాగన్ వస్తుంటే వినబడుతుందా?"

"వినబడదు సార్."

"ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదు? చుట్టుదారి రెండు మైళ్లన్నావు. టికెట్ల సంగతి మాట్లాడుకున్నాం. ఇది చెప్పలేదు నువ్వు."

సీతారామరావుకు అప్పుడు తట్టింది. నిజమే. యార్డు దాటాలని మాత్రమే అన్నాడు. ఆ మాట వినగానే తను చూసేదంతా ఎదుటివాడూ చూస్తాడనుకున్నాడు. పాట్నా నుంచి వచ్చిన సిన్హా రైలును ప్లాట్‌ఫాం మీద నుంచే చూసిన మనిషి.

"ఆమెను పనికి వెళ్లమను. ఇటుకలు మోయనక్కర్లేదను," అన్నాడు సిన్హా.

మధ్యాహ్నం మూడింటికి వరహాలు రెండు కాగితాలు తెచ్చి సీతారామరావు బల్ల మీద పెట్టాడు. మొదటిది వాచ్‌మన్‌కు ఉత్తర్వు. తూర్పు గోడ తలుపు ఉదయం అయిదు నుంచి సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచాలి. ఆట జరిగే గంటల్లో మాత్రం మూయాలి. రెండోది సీతారామరావుకు మెమో. అనుమతి లేకుండా నక్షా మార్చినందుకు అతన్ని గీత పని నుంచి తప్పించి రికార్డు గదికి పంపుతున్నట్టు.

అతను రెండూ పట్టుకుని సిన్హా గదికి వెళ్లాడు. "సార్..." అన్నాడు.

"రెండూ చదివే సంతకం పెట్టాను," అన్నాడు సిన్హా, ముందున్న ఫైలు తిరగేస్తూ.

నవంబరులో స్టేడియం తెరిచారు. మూడు వేలమంది పట్టే గ్యాలరీలో నాలుగు వేలమంది కూర్చున్నారు. మెట్ల మీద, గచ్చు మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. సిన్హా చెప్పినట్టే పెళ్లి ఇల్లులా ఉందన్నారంతా. సీతారామరావు ఆ రోజు రికార్డు గదిలో పాత నక్షాలకు చెదలమందు చల్లుతున్నాడు. కేకలు వినబడ్డాయి. ఎవరు గెలిచారో సాయంత్రం వరహాలు చెప్పాడు.

గీత లేని రోజులు అతనికి కష్టంగా నడిచాయి. చేతివేళ్లకు సిరా మరకలు పోయి, బదులుగా దుమ్ము పట్టింది. అతని బల్ల దగ్గర ఇప్పుడు ధన్‌బాద్ నుంచి వచ్చిన కుర్ర డ్రాఫ్ట్స్‌మన్ కూర్చునేవాడు. అతని అక్షరాలు కొంచెం పడుకుని ఉండేవి. సిన్హా ప్రతి షీటూ మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివి గానీ సంతకం పెట్టేవాడు కాదని ఆఫీసంతా చెప్పుకున్నారు. వరండాలో ఎదురుపడితే సీతారామరావు నమస్కారం పెట్టేవాడు. ఆయన తల ఊపి వెళ్లిపోయేవాడు.

తలుపు మాత్రం రోజూ తెరుచుకునేది. ఆట ఉన్న రోజు రెండు గంటలు మూస్తే, ఆ రెండు గంటలూ అవతల నిలబడి సింహాచలమ్మ వాచ్‌మన్‌ను తిట్టేది. "నీ ఆట మండిపోనూ, నాలుగిళ్ల గిన్నెలున్నాయిరా నాకు," అని. ఏడాది తిరిగేసరికి ఆమె కొడుకు మాంగోలో గది అద్దెకు తీసుకుని తల్లినీ పిల్లలనూ తీసుకుపోయాడు. బస్తీలోకి కొత్త కుటుంబాలు వచ్చాయి. ఆ తలుపు ఎలా వచ్చిందో వాళ్లకు తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. గోడకు తలుపుండటం వింత కాదు గదా.

సిన్హా 1985 చివర్లో రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో సీతారామరావు వెనక వరసలో కూర్చుని, అందరితో పాటు లేచి వెళ్లి దండ వేసి వచ్చాడు.

తర్వాతి జనవరిలో ఒక ఆదివారం స్టేడియంలో కాలేజీల మధ్య ఫైనల్ ఆట. జానకి పోరితే సీతారామరావు మొదటిసారి టికెట్టు కొని లోపలికి వెళ్లాడు. గ్యాలరీ పై మెట్టు నుంచి చూస్తే గడ్డి పచ్చగా, చదునుగా ఉంది. రెండు రోజుల కింద వాన పడిందంటే నమ్మలేం. చోటు వెతుక్కుంటుంటే నాలుగో వరసలో మఫ్లరు చుట్టుకుని ఒక్కడే కూర్చున్న సిన్హా కనబడ్డాడు. వెనక్కి తిరిగి పోదామా అనుకునేలోగా ఆయన చూశాడు. పక్కనున్న వేరుశనగల పొట్లం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఖాళీ అయిన చోటును అరచేత్తో తట్టాడు.

సీతారామరావు వెళ్లి కూర్చున్నాడు. ఆట మొదలైంది. కాసేపటికి ఎర్ర చొక్కాలవాళ్లు బంతిని వలలోకి కొట్టారు. గ్యాలరీ సగం లేచి అరిచింది. అతనూ లేవబోయాడు. గీత దగ్గర జెండా పట్టుకున్న మనిషి చెయ్యి పైకెత్తేసరికి అరుపులు తిట్లుగా మారాయి.

"గోలు కాదా సార్?"

"కాదు, ఆఫ్‌సైడు. నీకు ఆట తెలీదా?"

"తెలీదు సార్."

"ఇన్నేళ్లూ స్టేడియం గీశావు, ఆట తెలీదా!" సిన్హా నవ్వాడు. పొట్లంలోంచి వేరుశనగలు తీసి ఇద్దరి మధ్యా సిమెంటు మెట్టు మీద పేర్చడం మొదలుపెట్టాడు. "ఇలా చూడు. ఇది బంతి. ఇది మన ఆటగాడు. వీళ్లిద్దరూ వాళ్లవాళ్లు..."

సీతారామరావు ముందుకు వంగి చూశాడు.